ఆకుపచ్చ చుక్క పక్కన ఖాళీ

మొన్నటి చలికాలంలో ఒక మహిళా డిగ్రీ కళాశాలలో 'ఆహారం – మహిళ' అనే అంశం మీద రెండు రోజుల సదస్సు జరిగింది. నన్నూ పిలిచారు. ఉదయం పూట నేను విమల గారి 'వంటిల్లు' కవిత దగ్గర మొదలుపెట్టి, మన కథల్లో వంటింటి శ్రమ ఎలా కనబడుతూ వచ్చిందో మాట్లాడాను. మధ్యాహ్నం ఒక వ్యవసాయ శాస్త్రవేత్త గారు జన్యుమార్పిడి పంటల గురించి చెప్పారు. చాలా చక్కగా, అర్థమయ్యేలా చెప్పారు. ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి నిలబడ్డాను. "మన రాష్ట్రంలో పండే పత్తి దాదాపు అంతా బీటీ పత్తే కదా సార్, ఆ గింజ నుంచి తీసిన నూనె మనం తింటున్నాం కదా, మరి ఆ సంగతి ప్యాకెట్ మీద ఎందుకు రాయరు?" అని అడిగాను.

ఆయన నవ్వారు. కోపంగా కాదు, పెద్దరికంగా నవ్వారు. "మేడమ్, మీరు సాహిత్యం వాళ్ళు. ఇది సైన్సు. శుద్ధి చేసిన నూనెలో ఆ జన్యువూ ఉండదు, ప్రోటీనూ ఉండదు. లేనిదాన్ని రాసి ఇంట్లో ఆడవాళ్ళను ఎందుకు భయపెట్టడం? వాళ్ళు భయపడి కొనడం మానేస్తే నష్టపోయేది రైతే" అన్నారు. హాల్లో చప్పట్లు కూడా పడ్డాయి.

టీ విరామంలో ఒక అధ్యాపకురాలు నా పక్కకు వచ్చి చెయ్యి పట్టుకుంది. "మంచి ప్రశ్న అడిగారండీ. కానీ ప్రభుత్వాన్ని నమ్ముకుంటే ఎలా? మన ఇంటిని మనమే చూసుకోవాలి. నేనైతే ఆర్గానిక్ తప్ప గడప తొక్కనివ్వను. తల్లులం కదా!" అంది, ఎంతో ఆప్యాయంగా.

ఆ రెండు మాటలూ కలిపి బస్సులో ఇంటిదాకా మోసుకొచ్చాను. పైకి ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డట్టున్నా, ఆలోచించేకొద్దీ రెండూ ఒకే చోటికి వస్తున్నట్టు అనిపించింది. ఒకరికి ఆడవాళ్ళంటే తెలిస్తే భయపడిపోయే మనుషులు. ఇంకొకరికి ఆడవాళ్ళంటే దేశం చెయ్యాల్సిన కాపలా అంతా వంటింటి గడప దగ్గర నిలబడి చెయ్యాల్సిన తల్లులు. తెలుసుకునే హక్కున్న పౌరురాలిగా మాత్రం ఇద్దరికీ మనం కనబడలేదు. ఈ వ్యాసం ఆ ఇద్దరికీ నా జవాబు.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా అమ్మ పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. పేపరు మొదటి పేజీ నుంచి కడదాకా వదలకుండా చదువుతుంది. నా సిద్ధాంత గ్రంథాన్ని మొత్తం చదివిన ముగ్గురు నలుగురిలో ఆమె ఒకరు. అలాంటి మనిషి ఒకరోజు కారప్పూస ప్యాకెట్ చేతిలో పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి నాకిచ్చి, "ఇందులో ఏం కలిపిండ్రో చదువే" అంది. ప్యాకెట్ మీద తెలుగు ఒక్క ముక్క లేదు. ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాలు. శనగపిండి, ఉప్పు, కారం తర్వాత తినదగిన వృక్షసంబంధ నూనె అని ఉంది. దాని పక్కన బ్రాకెట్లో పత్తిగింజ, పామోలిన్, మొక్కజొన్న అని వరసగా ఉన్నాయి. అదే చదివి చెప్పాను.

"పత్తిగింజా? పత్తి నూనె మనం తింటున్నమా?" అంది అమ్మ. ఆమె పుట్టింది పరకాల వైపు పత్తి పండించే ఇంట్లో. చిన్నప్పుడు పత్తి ఏరి వేళ్ళు చీరుకుపోయిన మనిషి. పత్తి అంటే ఆమెకు బట్ట, పరుపు, దీపపు వత్తి, బర్రెలకు పెట్టే పత్తి చెక్క. అది తన పళ్ళెంలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి ఇచ్చారు. 2006లో రెండు జన్యువులున్న రెండో రకం వచ్చింది. ఇవాళ దేశంలో పత్తి వేసే నేలలో 90 శాతానికి పైగా బీటీదే. అనుమతి ఇచ్చేనాడు చర్చంతా కాయతొలిచే పురుగు గురించీ, దిగుబడి గురించీ, విత్తనం ధర గురించీ జరిగింది. దూది గురించి మాట్లాడినంతగా గింజ గురించి ఎవరూ మాట్లాడలేదు. కానీ పత్తి తూకంలో దూది కన్నా గింజ బరువే ఎక్కువ. నేను మా మేనత్తను అడిగాను, గింజ ఎటు పోతుందని. ఆమె ఇప్పటికీ మూడెకరాల్లో పత్తి పెడుతుంది. "మార్కెట్ల పోస్తం. జిన్నింగు మిల్లుకు పోతది. దూది ఒక దిక్కు, గింజ ఒక దిక్కు. ఆడ్నించి ఎటు పోయిందో మనకేం ఎరుక బిడ్డా?" అంది. అది నూనె మిల్లుకు పోతుంది. నూనె మిఠాయి దుకాణానికి, కారప్పూస కంపెనీకి, హోటల్ మూకుడుకి పోతుంది. మిగిలిన చెక్క పాడి పశువులకు పోతుంది. ఏరిన ఆమెకూ, వండిన ఆమెకూ మధ్య ఇంత దారి ఉంది. ఈ దారి పొడుగునా ఎక్కడా ఒక్క మాటా రాసి లేదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ నూనె విషమని నేను అనడం లేదు. శాస్త్రవేత్త గారు చెప్పిన దాంట్లో నిజముంది. బీటీ ప్రోటీన్ చెక్కలో మిగులుతుంది, బాగా శుద్ధి చేసిన నూనెలో దాదాపు ఉండదు. పరీక్షలు జరిగి అనుమతులు పొందిన జన్యుమార్పిడి ఆహారాలు మామూలు ఆహారం కన్నా ఎక్కువ ప్రమాదకరం కాదని ప్రపంచంలోని పెద్ద శాస్త్ర సంస్థలు చాలావరకు చెబుతున్నాయి. నేను ప్రయోగశాలలో పనిచేసే మనిషిని కాదు. వాళ్ళతో ఆ విషయం మీద వాదానికి దిగను. నా ప్రశ్న వేరే. హాని లేదు కాబట్టి చెప్పనక్కర లేదు అనే తర్కం ఎక్కడిది? హాని ఉంటే అమ్మనే కూడదు కదా! హాని లేని వాటికే కదా అసలు లేబుల్ ఉండేది?

ఈ ప్రశ్నకు జవాబు నాకు అదే కారప్పూస ప్యాకెట్ మీద దొరికింది. ముందు వైపు, పేరు పక్కనే, చిన్న ఆకుపచ్చ చదరం, అందులో ఆకుపచ్చ చుక్క. ఇది శాకాహారం అని చెప్పే గుర్తు. 2000ల మొదట్లో ఈ దేశంలో ప్యాకెట్లో అమ్మే ప్రతి ఆహారం మీదా ఈ గుర్తును తప్పనిసరి చేశారు. జంతు సంబంధమైనది ఏ కొంచెం కలిసినా గోధుమ రంగు గుర్తు వెయ్యాలి. పాలు, తేనె లాంటి వాటికి మాత్రం మినహాయింపు. అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆ చుక్క తెలుసు. ఆరేళ్ళ మా అన్న కొడుక్కీ తెలుసు.

ఆ చుక్క గురించి కాస్త ఆలోచించండి. శాకాహారులను ఎవరైనా ఎప్పుడైనా 'చుక్క జంతువు కొవ్వు తింటే మీకేం రోగం వస్తుందో ముందు నిరూపించండి' అని అడిగారా? అడగలేదు. అడగకూడదు కూడా. ఎంత శాతం కలిస్తే గుర్తు మార్చాలి, ఒకటా, అయిదా అని సంవత్సరాల తరబడి కమిటీలు వేశారా? లేదు. శుద్ధి చేశాక పరీక్షలో బయటపడకపోతే రాయనక్కరలేదు అన్నారా? అనలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పు, అంతే. పరీక్ష నాళికలో ఏం మిగిలిందన్నది కాదు, పుట్టుక ఏదన్నదే లెక్క. ఒక మనిషి తన నమ్మకం కొద్దీ, తన ఇష్టం కొద్దీ ఒకటి తినను అంటే ఆ మాటను గౌరవించడానికి దేశంలోని మొత్తం ఆహార పరిశ్రమ తన అచ్చు దిమ్మెలు మార్చుకుంది. ఖర్చవుతుందని గోల పెట్టలేదు. గుర్తు చూసి మిగతావాళ్ళు భయపడతారనీ అనలేదు.

ఎవరి పట్టింపు ఇది? 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతానికి పైగా జనం మాంసం తినేవాళ్ళే. దేశం మొత్తంలోనూ తినేవాళ్ళే ఎక్కువ. అయినా ఆ చుక్క వచ్చింది. ఎందుకంటే ఆ పట్టింపు ఉన్న కులాలు చట్టం రాసే గదుల్లో ఉన్నాయి, కంపెనీలు నడిపే గదుల్లో ఉన్నాయి. నేను ఆకుపచ్చ చుక్కకు వ్యతిరేకిని కాను. అది ఉండాలి. తినేది ఏమిటో తెలుసుకునే హక్కు వాళ్ళకు ఎంత ఉందో, అంతే మా మేనత్తకీ ఉండాలి అంటున్నాను. ఒక పట్టింపుకు 'ఆచారం' అని మర్యాద, ఇంకొక ప్రశ్నకు 'భయం' అని పేరు. ఆ పేరు పెట్టేది ఎవరో స్త్రీవాదం చదువుకున్న మనకు వేరే చెప్పాలా? ఆడది అడిగిన ప్రశ్నను ఆవేశమనీ, అపోహ అనీ, చాదస్తమనీ కొట్టిపారెయ్యడం మన సాహిత్యంలో ఎన్ని పాత్రలకు జరిగిందో పాఠాలు చెబుతూనే ఉన్నాం కదా.

చట్టం సంగతి చూస్తే మరీ వింతగా ఉంటుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, నియమాలు చేసి అనుమతిస్తే తప్ప జన్యుమార్పిడి ఆహారాన్ని తయారు చేయకూడదు, అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు. ఇటు తూనికలు కొలతల నియమాలను సవరించి, 2013 జనవరి 1 నుంచి అలాంటి ఆహారం ఉన్న ప్యాకెట్ పైభాగాన 'జీఎం' అన్న రెండక్షరాలు ఉండాలన్నారు. ఆ రెండక్షరాలు ఇన్నేళ్ళలో నా వంటింట్లో ఏ ప్యాకెట్ మీదా నేను చూడలేదు. కాగితం మీద అనుమతి లేని వస్తువు బజారులో ఉన్నట్టే కాదు, లేని వస్తువుకు లేబుల్ అక్కరలేదు. చట్టం ఎంత గట్టిగా నిషేధిస్తే నిశ్శబ్దం అంత గట్టిగా కుదిరింది!

కానీ వస్తువు ఉంది. 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 65 ఆహార ఉత్పత్తులను కొని పరీక్ష చేయించారు. 21లో జన్యుమార్పిడి ఆనవాళ్ళు దొరికాయి. దిగుమతి అయినవి 35లో 16, దేశంలో తయారైనవి 30లో 5. పరీక్షకు దొరికినవి ఇవి. దొరకనంత శుద్ధి అయినవాటి లెక్క ఇందులో రాదు. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి మన ఓడరేవులకు వచ్చే సోయా నూనె సంగతి తెలిసిందే. అక్కడ పండే సోయాలో అత్యధిక భాగం జన్యుమార్పిడిదే. 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ ఒక ముసాయిదా తెచ్చింది. ఒక పదార్థంలో జన్యుమార్పిడి భాగం 1 శాతం, ఆపైన ఉంటే రాయాలి అని అందులో ఉంది. 2024 జులై 23న జన్యుమార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ ఆవాల అనుమతి దగ్గర చెరో తీర్పు చెప్పారు గానీ, దిగుమతయ్యే జన్యుమార్పిడి ఆహారం మీద, ముఖ్యంగా వంటనూనెల మీద, లేబులింగ్ సెక్షన్‌ను పాటించి తీరాలని మాత్రం కలిసి చెప్పారు. అంటే నేను సదస్సులో అడిగిన ప్రశ్న సాహిత్యం వాళ్ళ అమాయకత్వం కాదు. దేశపు అత్యున్నత న్యాయస్థానం కూడా అదే అడిగింది.

'లేనిదాన్ని రాయడం' గురించి ఇంకో మాట. యూరప్ దేశాల్లో 2004 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం నూనెలో జన్యువు దొరికినా దొరకకపోయినా, తీసిన గింజ జన్యుమార్పిడిదైతే ఆ మాట రాయాలి. గింజ ఎక్కడిదో పొలం నుంచి దుకాణం దాకా కాగితం వెంట రావాలి. అమెరికా ఇంకో దారి పట్టింది. 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిన అక్కడి నియమంలో 'బయోఇంజనీర్డ్' అనే కొత్త మాట తెచ్చారు. మాటలకు బదులు ఫోన్‌తో స్కాన్ చేసే గుర్తు ఉంటే చాలన్నారు. పరీక్షలో బయటపడనంత శుద్ధి చేసినవాటిని పక్కన పెట్టారు. వీటి మీద అక్కడ కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. నాతో పాటు పీహెచ్‌డీ చేసి ఇప్పుడు డాలస్‌లో ఉంటున్న స్నేహితురాలు అలాంటి ఒక ప్యాకెట్ ఫోటో పంపింది. "చంకలో పిల్ల, చేతిలో బుట్ట. దుకాణంలో నిలబడి ఒక్కో డబ్బాకూ ఫోన్ చూపిస్తూ కూర్చోవడానికి తీరికెవరికుందే?" అని రాసింది. ప్రశ్న సులువే. చెప్పే బాధ్యత అమ్మేవాడిదా, వెతుక్కునే శ్రమ కొనే ఆమెదా? మన దేశం ఆకుపచ్చ చుక్క విషయంలో సరైన దారి ఎన్నుకుంది, పత్తిగింజ దగ్గరికి వచ్చేసరికి తప్పుకుంది. దారి తెలియక కాదు.

ఇక టీ విరామంలో చెయ్యి పట్టుకున్న ఆ అధ్యాపకురాలికి, ఆమెతో పాటు మనలో చాలామందికి, ఒక మాట చెప్పుకోవాలి. ఇది చెప్పడం నాకు మరింత కష్టం, ఎందుకంటే మనమంతా ఒకే వైపు వాళ్ళం.

'మంచి తల్లి లేబుల్ చదువుతుంది' అనే కొత్త నీతి ఒకటి మన మధ్యతరగతి ఇళ్ళలో మొలకెత్తింది. వంట చెయ్యడం, వడ్డించడం, గిన్నెలు తోమడం చాలనట్టు ఇప్పుడు ప్రతి ప్యాకెట్ వెనుకా ఉన్న రసాయన శాస్త్రం కూడా ఆమే చదవాలి. పిల్లాడికి జబ్బు చేస్తే ఏం పెట్టావని ఆమెనే అడుగుతారు. ప్రభుత్వమూ కంపెనీలూ ఎగ్గొట్టిన పనిని ప్రేమ పేరుతో ఆమె నెత్తిన పెట్టడం ఇది. వంటింట్లోంచి బయటికి రావాలని ఒక తరం స్త్రీలు రాస్తే, మనం మళ్ళీ అదే వంటింటికి సైన్సు తలుపు పెట్టుకుని లోపలికి పోతున్నాం.

పైగా ఆర్గానిక్ దుకాణం ఎంతమందికి? పత్తిగింజల నూనె ఎక్కువగా పోయేది ఎక్కడికో చూడండి. సాయంత్రం మిర్చిబజ్జీ బండి దగ్గరికి, మిఠాయి కొట్టుకి, హాస్టల్ మెస్‌కి, కూలిపని ముగించుకుని పోతూ ఆమె అరకిలో నూనె విడిగా పోయించుకునే కిరాణా కొట్టుకి. అక్కడ ప్యాకెట్టే లేదు, ఇక లేబుల్ ఎక్కడిది? నేను అయిదేళ్ళు విశ్వవిద్యాలయం హాస్టల్లో తిన్నాను. ఏ నూనెతో వండుతున్నారని ఒక్కరోజూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు. మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ స్త్రీలు తమకిచ్చే గౌరవ వేతనం బకాయిల గురించే అడిగి అడిగి అలసిపోయారు. వాళ్ళను నూనె పుట్టుక అడగమనడం దారుణం. ప్యాకెట్ కొనగలిగిన వాళ్ళకే, ఇంగ్లీషు చదవగలిగిన వాళ్ళకే అందే తెలుసుకునే హక్కును హక్కు అనొచ్చా?

బీటీ వంకాయ రోజుల్లో ఈ ప్రశ్న బాగా ముందుకొచ్చింది. 2009 అక్టోబరులో దానికి నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపితే, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ 2010 మొదట్లో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నారు. ఫిబ్రవరి 9న మారటోరియం ప్రకటించారు. గంపలో పోసి అమ్మే వంకాయకు లేబుల్ ఎక్కడ అంటిస్తారన్న ప్రశ్నకు అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడూ లేదు. అందుకే లేబుల్ ఒక్కటే చాలని నేను అనను. అది ముగింపు కాదు, మొదటి మెట్టు.

ఆ మెట్టు ఎక్కకుండానే చాలా దూరం నడిచిన స్త్రీలు మనకున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కెమెరాలు పట్టుకుని వరంగల్ జిల్లా బీటీ పత్తి చేలల్లోకి వెళ్ళి, ఏం జరుగుతోందో రైతులనే అడిగి సినిమాలు తీశారు. వాళ్ళలో చాలామంది బడికి పోనివాళ్ళు. వాళ్ళు చెప్పిన ప్రతి మాటతోనూ మనం ఏకీభవించాలని లేదు. కానీ, ఆడవాళ్ళకు చెబితే భయపడతారు అనే పెద్దమనుషులు ఆ సినిమాలు ఒక్కసారి చూడాలి. అందులో భయం కన్నా ఎక్కువగా కనబడేది ఆరా.

లేబుల్ మీద ఎన్నటికీ ఎక్కని సంగతులు కూడా ఉన్నాయి. మన దేశంలో బీటీ పత్తి దాదాపు అంతా హైబ్రిడ్. హైబ్రిడ్ విత్తనం కావాలంటే పువ్వు పువ్వునా చేత్తో మగభాగాలు తీసేసి, వేరే పువ్వు పుప్పొడి రాయాలి. సీడు పత్తి చేలల్లో ఈ క్రాసింగ్ పని చేసింది ఎవరు? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువగా ఆడపిల్లలే అని దావులూరి వెంకటేశ్వర్లు లాంటి పరిశోధకులు 2000 ప్రాంతం నుంచే రాస్తూ వచ్చారు. బడి మాని, మందు వాసన పీలుస్తూ, చిన్న వేళ్ళతో పువ్వులు విప్పిన పిల్లలు. ఆ విత్తనం మొలిచి, కాసి, గింజ నూనె అయి, నా కారప్పూసలోకి వచ్చింది. నూనెలో ఆ పిల్ల వేలిముద్ర కూడా పరీక్షకు దొరకదు. శుద్ధి అయిపోతుంది.

అలాగే 2017 నుంచి మన చేలల్లో దొంగచాటుగా పెరుగుతున్న గడ్డిమందు పత్తి. దానికి అనుమతే లేదు. మా మేనత్త మాత్రం నిజం దాచలేదు. "కలుపుకు మనుషులు దొరుకుతలేరు. నడుములు పడిపోతున్నయి. మందు కొడితే గడ్డి మాడుతది, పత్తి మాడదు" అంది. అవతల, ఆమె చేలో కలుపు తీసి ఆ నెల గడుపుకునే స్త్రీలకు ఆ కూలి పోయింది. ఒక ఆడమనిషి నడుము నొప్పికీ ఇంకో ఆడమనిషి కూలికీ మధ్య తగువు పెట్టిన ఈ విత్తనాన్ని నేను ఒక్క మాటలో మంచిదనీ చెడ్డదనీ అనలేను. కానీ, దొంగ విత్తనం గింజ కూడా ఆ జిన్నింగు మిల్లుకే పోతుందనీ, ఆ మాట ఏ కాగితం మీదా ఉండదనీ మాత్రం అనగలను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, విషయం నూనె దాటి అన్నం దాకా వచ్చింది. 2025 మే నెలలో జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను కేంద్రం ప్రకటించింది. అందులో ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో తయారైంది. దాని తల్లి మన సాంబ మసూరి, బాపట్ల వాళ్ళు ఇచ్చిన బీపీటీ. తెలుగిళ్ళలో తిథికీ పండక్కీ రోజువారీ తిండికీ ఆ బియ్యమే. ఇందులో బయటి జీవి జన్యువేదీ కలపలేదు, ఉన్నదాన్నే సవరించారు. కాబట్టి దీన్ని బీటీ పత్తితో ఒకే గాటన కట్టడం సరికాదు, ఆ తేడా నేను ఒప్పుకుంటాను. అయితే ఇలాంటి వాటిని 2022లోనే జన్యుమార్పిడి నియమాల్లోని చాలా మెట్ల నుంచి మినహాయించారు. త్వరగా కోతకొస్తుందనీ, దిగుబడి ఎక్కువనీ చెబుతున్నారు. నిజం కావచ్చు, మంచిదే కావచ్చు. మంచిదైతే గర్వంగా సంచి మీద రాసి అమ్మవచ్చు కదా! ఆ వరికి కమల అని ఆడపేరు పెట్టారు. పేరు పెట్టేటప్పుడు గుర్తొచ్చిన ఆడవాళ్ళు, చెప్పాల్సి వచ్చేసరికి గుర్తుకు రారా?

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఆకుపచ్చ చుక్కకు పెట్టిన నియమమే దీనికీ పెట్టండి. గింజ పుట్టుక చెప్పండి, పరీక్షకు దొరికిందా లేదా అన్నది వేరే సంగతి. ప్యాకెట్ మీద ఇంగ్లీషో దేవనాగరిలో హిందీయో ఉంటే చాలన్న నియమాన్ని మార్చి, అమ్మే రాష్ట్రపు భాషను తప్పనిసరి చెయ్యండి. తెలుగు కోసం ఇన్ని సభలు పెట్టే మనం ఉప్పు ప్యాకెట్ మీద తెలుగు ఎందుకు అడగలేదో నాకిప్పటికీ అర్థం కాదు. హాస్టళ్ళూ హోటళ్ళూ మధ్యాహ్న భోజన కేంద్రాలూ ఏ నూనె వాడుతున్నాయో గోడ మీద బోర్డు పెట్టాలి. ఆ వాకబు వండే ఆమె మీద పడకుండా సరఫరా చేసేవాడి బిల్లు మీదే రాయించాలి. విత్తన చేలల్లో ఎవరు పని చేస్తున్నారో చూసే బాధ్యత కంపెనీల మీద పెట్టాలి. ఇవన్నీ సాహిత్యం వాళ్ళు కూడా అడగొచ్చు. ఏం రాశారన్నదాంతో పాటు ఏం రాయకుండా వదిలారో చదవడమే కదా మనం నేర్చుకున్న చదువు!

మా అమ్మ ప్రతి ఏడూ పచ్చళ్ళు పెట్టి చుట్టాలకు పంపుతుంది. ప్రతి సీసా మీదా కాగితం ముక్క అంటించి పెన్నుతో రాస్తుంది. ఉసిరి, ఫలానా నెల, పల్లినూనె. మా చిన్నమ్మకు పంపేదాని మీద 'ఎల్లిపాయ వెయ్యలేదు' అని కూడా రాస్తుంది. చిన్నమ్మకు వెల్లుల్లి పడదని కాదు, ఇష్టముండదు అంతే. ఎందుకిష్టం లేదో అమ్మ ఎప్పుడూ అడగలేదు. కారప్పూస ప్యాకెట్ సంగతంతా నేను ఓపిగ్గా వివరించిన రోజు ఆమె విని, కాసేపు ఊరుకుని, "తప్పు పని కానప్పుడు రాయడానికేం నొప్పే వాళ్ళకు?" అంది. శాస్త్రవేత్త గారికి నేను ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు అదే. మళ్ళీ ఏ సదస్సులోనైనా కలిస్తే ఆ మాటే అడుగుతాను. మీరూ అడగండి.